దారువును ఎన్నుకొను విద్య : పెడల్ స్టీల్ గిటారు చరిత్ర

వాద్యనిర్మాణము రెండు విద్యల సంగమము. అందొకటి నాదమును గూర్చినది. రెండవది చెట్టును గూర్చినది. మొదటి విద్యకు శాస్త్రగ్రంథములు కలవు. విద్వాంసులు దానిని తరతరములుగా చర్చించుచు వచ్చిరి. రెండవ విద్య వడ్రంగి చేతిలో పుట్టి, వడ్రంగి చేతిలోనే పెరిగి, పెక్కుతావుల వానితోనే అంతరించినది. ఏ చెట్టును ఎన్నుకొనవలెను, దానిని ఏ ఋతువున కొట్టవలెను, ఎన్నాళ్ళు ఆరనీయవలెను, ఏ పలక ప్రక్కన ఏ పలకను చేర్చినచో అవి కలిసి మనగలవు అను విషయములు పుస్తకములకంటె చేతులకే ఎక్కువగా తెలియును.

ఆంధ్రదేశమున బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనస మొద్దునుండి కుండను, దండిని, యాళిని మలచి వీణను చేయుదురు. కఱ్ఱకు కఱ్ఱను జోడించుటలో గల చిక్కును వారు జోడింపే లేకుండ తప్పించుకొనిరి. అట్టి ఏకకాండ నిర్మాణమునకు వీలులేని వాద్యములందు ఎన్నికయు, జోడింపును రెండును వేఱువేఱు విద్యలుగా ఎదుగవలసి వచ్చెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇరువదవ శతాబ్ది నడుమ రూపొందిన పెడల్ స్టీల్ గిటారు చరిత్ర ఇందులకు చక్కని నిదర్శనము. విద్యుత్తు సాయమున పలుకు వాద్యమునకు కఱ్ఱతో పనియేమి అను ప్రశ్న దాని పుట్టుకతోనే పుట్టినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు శిల్పులు కఱ్ఱను విడిచి లోహమును, లోహమును విడిచి రసాయన పదార్థమును పరీక్షించి, తుదకు మరల చెట్టునే ఆశ్రయించిరి. వారేల తిరిగివచ్చిరి, వచ్చి యేమి నేర్చిరి, వారి నమ్మకములందు నిజమెంత, అలంకారమెంత అనునవి విచారింపదగిన విషయములు.

వాద్య స్వరూపము

సాధారణ గిటారును వాదకుడు ఒడిలో నిలిపి, వ్రేళ్ళతో తీగలను మెట్లపై అదిమి వాయించును. స్టీల్ గిటారును పరుండబెట్టి, ఎడమచేతి ఉక్కు కడ్డీని తీగలపై జార్చుచు వాయింతురు. దక్షిణదేశపు గొట్టువాద్యమును ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగాదు. స్వరమునుండి స్వరమునకు ఎడములేకుండ జారు గమకమే ఈ రెండింటికిని ప్రాణము.

పెడల్ స్టీల్ గిటారు నాలుగు కాళ్ళపై నిలుచు బల్లవంటి వాద్యము. దాని పై పలకమీద ఒకటి గాని రెండు గాని మెడలుండును. ఒక్కొక్క మెడకు సాధారణముగా పది తీగలు. క్రింద పాదములతో త్రొక్కు పెడలులును, మోకాళ్ళతో నెట్టు మీటలును కలవు. వాటిని కదల్చినపుడు కడ్డీల గుండ బలము ప్రసరించి, కోరిన తీగ బిగిసియో వదులయియో శ్రుతి మారును. కడ్డీ నిలిచిన చోటనే నిలిచియుండగా, మేళములోని ఒకటి రెండు స్వరములు మాత్రమే మెల్లగా ఎక్కుటయో దిగుటయో ఈ వాద్యమునకు విశేషమైన సొగసు.

ఇక్కడనే కఱ్ఱకు పరీక్ష మొదలగును. ఒక్కొక్క తీగ సుమారు 25 మొదలు 30 పౌనుల బలముతో దేహమును లాగుచుండును. పది తీగల బలము 250 పౌనులకు మించును. రెండు మెడలైనచో 500 పౌనులకు మించును. వీణవంటి వాద్యమున ఈ లాగుడు ఎల్లప్పుడును ఒకే తీరున ఉండును గనుక దేహము దానికి అలవాటుపడును. పెడల్ స్టీల్ గిటారునందు పాదము మోపిన ప్రతిసారియు బలము మారును. దేహము వెండ్రుకవాసి వంగినను త్రొక్కని తీగలు సయితము శ్రుతి తగ్గును. ఈ లొంగుబాటును జయించుటయే దేహనిర్మాతకు మొదటి పని.

హవాయి దీవులు : కోవా మ్రాను

స్టీల్ గిటారు పుట్టినిల్లు హవాయి దీవులు. 1830 ప్రాంతములందు పశువులను మేపుటకై మెక్సికో దేశీయులగు పశుపాలకులు అచ్చటికి రప్పింపబడిరి. వారితో గిటారు వచ్చినది. ఒవాహు దీవిలో 1874లో జన్మించిన జోసఫ్ కెకూకు అను యువకుడు 1889 ప్రాంతమున లోహఖండమును తీగలపై జార్చి వాయించు పద్ధతిని కనుగొని అభ్యాసముచే దానిని తీర్చిదిద్దెనని ప్రసిద్ధి. భారతదేశమున జన్మించిన గేబ్రియల్ డేవియన్ అను నావికుడు అంతకు ముందే ఇట్లు వాయించెనను వాదమును కలదు. కెకూకు 1904లో హవాయిని విడిచి అమెరికా ఖండమునందు కచేరీలు చేసి, పలువురకు ఈ విద్యను నేర్పి, 1932లో మరణించెను. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమున హవాయి సంగీతము జనులను మోహింపజేయగా, ఆ నాదముపై మోజు దేశమంతటను వ్యాపించెను.

ఆ నాటి వాద్యములకు కోవా మ్రాను ముఖ్యమైన దారువు. కోవా హవాయి దీవులయందు మాత్రమే సహజముగా పెరుగు చెట్టు. ఆంధ్రదేశపు తుమ్మకు దూరపు చుట్టము. దాని మానులను తొలిచి హవాయి జనులు సముద్రముపై నడపు పడవలను చేసికొనెడివారు. బంగారు చాయనుండి ముదురు గోధుమ చాయవరకు దాని రంగు మారును. కొన్ని మానులందు నార అలలుగా సాగి వెలుగునకు మిలమిలలాడును. లాస్ ఏంజిలిస్ నగరమున హెర్మన్ వైసెన్‌బోర్న్ అను శిల్పి 1920 దశకమున కోవా పలకలతో, మెడ సయితము బోలుగానుండు గిటారులను నిర్మించెను. ఇవి బోలు వాద్యములు; కఱ్ఱ పలుచన; పలకయే కంపించి గాలిని కదలించును. కావున ఇచ్చట కఱ్ఱయే గొంతు. కోవా గొంతు మృదువైనది, కాని చిన్నది. పెద్ద సభలలో, ఇతర వాద్యముల నడుమ, అది వినబడకుండెను.

లోహము, బేకలైటు

ధ్వనిని పెంచవలెనను తపన శిల్పులను లోహమువైపు నడిపించెను. 1927లో నేషనల్ అను పేర వెలువడిన గిటారులందు దేహము జర్మన్ సిల్వర్ అను మిశ్రలోహముతో చేయబడినది. లోపల అల్యూమినియపు పలుచని గిన్నెలు మూడు నాదమును పెద్దది చేసెను. పిదప విద్యుత్తు వచ్చెను. జార్జి బోషాంప్ 1931లో రూపొందించి, రికెన్‌బాకర్ సంస్థ 1932 నుండి అమ్మిన ఎలక్ట్రిక్ స్టీల్ గిటారును దాని ఆకారమును బట్టి జనులు వేపుడు పెనము అని పిలిచిరి. దాని తొలి నమూనా కఱ్ఱతో చెక్కబడినది. అమ్మకమునకు వచ్చినది మాత్రము పోతపోసిన అల్యూమినియము.

తీగ క్రింద అయస్కాంతముతో కూడిన పికప్ అమర్చగా, తీగ కంపము విద్యుత్తుగా మారి, శబ్దవర్ధక యంత్రమున మరల ధ్వని అగును. బోలు దేహముతో ఇక పనిలేదు. కఱ్ఱ కథ ముగిసినదని తోచుటకు ఇది తగిన సమయమే. కాని లోహమునకు ఒక దోషము కలదు. ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడికి అల్యూమినియము లక్షకు రెండు పాళ్ళకు మించి పెరుగును. ఉక్కు తీగ అందు సగము పెరుగును. కఱ్ఱ నార వెంబడి అంతకంటెను చాల తక్కువ పెరుగును. రంగస్థల దీపముల వేడికి దేహము ఒక తీరునను తీగ ఒక తీరునను సాగగా, అప్పుడే శ్రుతిచేసిన వాద్యము పాట నడుమనే అపశ్రుతి పలికెడిది. 1935లో అదే సంస్థ బేకలైటు అను కృత్రిమ పదార్థముతో దేహమును పోతపోసెను. ఆ వాద్యముల నాదమును మెచ్చినవారిలో జెర్రీ బర్డు వంటి ప్రసిద్ధ వాదకులుండిరి. అయినను బేకలైటు పెళుసు, బరువైనది, చిన్న వాద్యమునకు తగియుండెను గాని, రెండు మెడలు, ఎనిమిదేసి పదేసి తీగలు, క్రింద యంత్రసామగ్రి గల పెద్ద దేహమునకు అనుకూలింపలేదు. ఆ పెద్ద దేహమును కోరిన పెడలు శిల్పులను మరల వడ్రంగిశాలకు పంపెను.

మేపుల్ రాక

గిబ్సన్ సంస్థ ఎలక్ట్రాహార్ప్ అను పేర పెడలులు గల స్టీల్ గిటారును రెండవ ప్రపంచ యుద్ధము అమెరికాను చేరకమునుపే వెలువరించెను. అయినను నేటి రూపమునకు దారితీసినవాడు పాల్ బిగ్స్‌బీ. కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున చిన్న కర్మశాల నడిపిన ఈ శిల్పి మోటారు సైకిళ్ళ పందెములందును, అచ్చుల నిర్మాణమునందును ఆరితేరినవాడు. లోహమును పోతపోయుట, కఱ్ఱను చెక్కుట రెండును ఒకే చేతికి తెలిసియుండుట అరుదు; బిగ్స్‌బీ అట్టి అరుదైన శిల్పి. 1948లో ఆతడు స్పీడీ వెస్ట్ అను వాదకునికి పెడలులు గల స్టీల్ గిటారును చేసి ఇచ్చెను. ఆతని వాద్యములందు దేహము పిట్టకన్ను మేపుల్ కఱ్ఱతో చేయబడి, పలుచని వార్నిషుక్రింద దాని చుక్కలు స్పష్టముగా కనబడునట్లు తీర్చబడెను. కఱ్ఱను దాచుట గాక చూపుట ఆతని రీతి. తరువాతి నిర్మాతలకు ఈ రీతియే ఒరవడి అయ్యెను.

1953 చివర ధ్వనిముద్రితమై 1954లో వెలువడిన వెబ్ పియర్స్ పాట యొకదానియందు బడ్ ఐజక్స్ బిగ్స్‌బీ వాద్యముపై పెడలును త్రొక్కుచునే తీగలను మీటెను. శ్రుతి మారుట అంతవరకు వినబడకుండ దాచవలసిన పని. ఆ పాటలో అదియే వినవలసిన గమకమయ్యెను. దానితో దేశపు జానపదబాణి వాదకులందఱును పెడలులను కోరిరి. కోరిక ఎక్కువ, వాద్యములు తక్కువ. ఆ కొఱతనుండి క్రొత్త కర్మశాలలు పుట్టెను.

దారువు ఎన్నిక

మేపుల్ జాతులు పెక్కు. అందు వాద్యదేహమునకు కోరబడినది చక్కెర మేపుల్. దీని సారమును వసంతారంభమున గాటుపెట్టి తీసి, ఆంధ్రదేశమున తాటినీటిని కాచి బెల్లము చేయునట్లే, కాచి పానకమును చక్కెరను చేయుదురు. పంచదారనిచ్చు ఈ చెట్టు కఱ్ఱ మిక్కిలి గట్టిది. ఆరిన కఱ్ఱ ఘనపుటడుగు సుమారు 44 పౌనులు తూగును. బంతులాట మందిరముల నేలపలకలకు, పియానోలో తీగలను బిగించు బిరడల దిమ్మెకు, వంటింటి అప్పడాల కఱ్ఱకు అమెరికనులు దీనినే వాడుదురు. రాపిడికి అరుగక, మరను దూర్చిన చోట పట్టు వదలక నిలుచు గుణము దీనిది. వందలాది మరలు, ఇరుసులు బిగింపవలసిన పెడల్ స్టీల్ గిటారునకు ఆ గుణమే ముఖ్యము.

భారతీయ వడ్రంగి చెట్టు చేవను కోరును; పైనున్న తెల్లకఱ్ఱను తీసివేయును. మేపుల్ విషయమున మర్యాద తలక్రిందులు. దాని చేవ గోధుమ రంగుతో చారలుదేరి యుండును. చేవ చుట్టునుండు తెల్లకఱ్ఱయే పాలవలె తెల్లనై అందము గొల్పును. ఆ తెలుపు చెడకుండుటకై చెట్టును శీతకాలమున కొట్టి, ఆలసింపక కోయుదురు. వేసవిలో కొట్టిన దుంగను నిలువయుంచినచో తెల్లకఱ్ఱకు బూడిద మరకలు పట్టును. పిమ్మట ఆవిరి పొయ్యిలలో ఆరబెట్టి తేమను నూటికి ఆరు మొదలు ఎనిమిది పాళ్ళకు దించుదురు.

తేమ తగ్గినపుడు కఱ్ఱ అన్ని దిక్కుల ఒకే తీరున కుంచించుకొనదు. చక్కెర మేపుల్ పచ్చినుండి పూర్తిగా ఎండువరకు వార్షిక వలయముల వెంబడి నూటికి పది పాళ్ళవరకును, వలయములకు అడ్డముగా అందులో సగమును కుదించుకొనును. నిడివిలో కుదింపు లెక్కకు రాదు. అందుచే దుంగను కోసిన తీరునుబట్టి పలక స్వభావము మారును. వలయములు పలక మందమున నిలువుగా నిలుచునట్లు కోసినచో పలక వెడల్పున తక్కువ కదలును, వంగదు. వలయములు పలకతో సమముగా పరుండునట్లు కోసినచో ఎక్కువ కదలును, గిన్నెవలె తిరుగును.

ఇచ్చటనే అందమునకు స్థిరత్వమునకు పోరు. మేపుల్ చిత్రములందు రెండు ప్రసిద్ధములు. మొదటిది అలల నార. నార అలలుగా సాగుటచే పలకపై పులిచారలవంటి వెలుగునీడలు ఏర్పడును. వలయములు నిలువుగానున్న కోతయందు ఇది మిక్కిలి బాగుగా కనబడును. కావున అందమును స్థిరత్వమును ఒకే కోతలో దొరకును. రెండవది పిట్టకన్ను; వలయములందు ఏర్పడిన చిన్న చిన్న గుంటలు పలకపై పక్షి కన్నులవలె కనబడును. ఇది వలయములు పరుండిన కోతయందే, అనగా పలక ఎక్కువ కదలు కోతయందే, కనబడును. మరియొక విధముగ కోసినచో కన్నులు పోయి గీతలు మిగులును. కన్నులను కోరిన శిల్పి అస్థిరత్వమును కూడ కోరి తెచ్చుకొనుచున్నాడన్నమాట. దానికి ప్రాయశ్చిత్తముగా పలకను మిక్కిలి శ్రద్ధతో ఆరబెట్టుటయు, మందముగా నుంచుటయు, అంచుపలకలతో గట్టిగా బిగించుటయు అవసరమయ్యెను.

పిట్టకన్ను ఎందుచే ఏర్పడునో వృక్షశాస్త్రజ్ఞులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. అమెరికాలోని మహాసరస్సుల ప్రాంతమున, ముఖ్యముగా మిచిగన్ ఉత్తర భాగమున, అది ఎక్కువగా దొరకును. ఒకే అడవిలో, ప్రక్క ప్రక్కన నిలిచిన రెండు చెట్లలో ఒకదాన కన్నులుండి మరియొకదాన ఉండకపోవచ్చును. బెరడుపై గుంటలను చూచి ఊహింపవచ్చునేకాని, గొడ్డలి పడువరకు నిశ్చయముగా చెప్పుట కష్టము. తోటగా నాటి పెంచుటకు వీలుగాని ఈ కఱ్ఱ ఎల్లప్పుడును వెలగలదియే.

జోడింపు

పెడల్ స్టీల్ గిటారు దేహము పై పలకతోను, ముందు వెనుకల అంచుపలకలతోను ఏర్పడును. రెండు కొనలను అల్యూమినియపు పలకలు మూయును. పై పలక ముందు అంచును కలిసికొను మూల సభికుల కన్నుల ఎదుటనుండును. అచ్చట రెండు పలకల చిత్రములు కలియనిచో వాద్యము అతుకుల బొంతవలె కనబడును. కావున జోడింపు అవసరమయ్యెను. పలకలను జోడించు ఈ విద్య స్టీల్ గిటారు శిల్పులు కనిపెట్టినది కాదు. ఇటలీలోని క్రెమోనా శిల్పులు వయొలిన్ వెన్నుపలకకు అలల మేపుల్‌ను రెండుగా చీల్చి, తెఱచిన పుస్తకమువలె జోడించుట 1737లో గతించిన స్ట్రాడివారి కాలమునకే స్థిరపడిన సంప్రదాయము.

జోడింపునకు రెండు మార్గములు కలవు. మొదటిది వరుస జోడింపు. పొడవైన ఒకే పలకనుండి పై పలకను, దాని ప్రక్కనుండియే అంచుపలకను కోసి, కోసిన క్రమము తప్పక చేర్చుదురు. అప్పుడు చిత్రము పై పలకనుండి అంచుమీదుగా క్రిందికి జాలువారినట్లుండును. రెండవది పుస్తక జోడింపు. మందమైన పలకను నడిమికి చీల్చి, రెండు సగములను పుస్తకమువలె తెఱచి చేర్చుదురు. కుడియెడమలు అద్దములో ప్రతిబింబములవలె నుండును. కాని ఈ పద్ధతిలో ఒక చమత్కారము కలదు. నార పలకకు కొంచెము ఏటవాలుగా నున్నచో, తెఱచిన రెండు సగములందు అది ఎదురెదురు దిక్కులకు వాలును. ఒక ప్రక్కనుండి చూచినపుడు ఒక సగము వెలుగుగాను మరియొకటి నీడగాను కనబడును. చూచువాడు చోటు మారగా వెలుగునీడలు తారుమారగును. పలకలు రంగు సరిపోలినను జోడు విఫలమైనట్లు తోచుటకు ఇదియే కారణము. నేర్పరియగు శిల్పి చిత్రిక పట్టకముందే పలకను వెలుతురున అటునిటు త్రిప్పి చూచి దీనిని కనిపెట్టును.

కంటికి కనబడని జోడింపు అంతకంటె ముఖ్యమైనది. పై పలక నార నిడివిగానున్నచో అంచుపలకల నారయు నిడివిగానే యుండవలెను. అప్పుడు తేమకు మూడును ఒకే దిక్కున కదలును, అతుకు విడదు. ఒకటి నిలువు కోత, మరియొకటి పరుండు కోత అయినచో, తొలి వర్షాకాలమునకు జిగురుగీత బయటపడును. కొనల నుండు లోహపు పలకలు తేమకు కదలవు. వాటిని కఱ్ఱకు మిక్కిలి బిగువుగా, కదలిక కెడమీయక మరలతో బిగించినచో కఱ్ఱ పగులును. బరువు, గట్టిదనము, తేమ, నార దిక్కు ఈ నాలుగును సరిపోయిన పిమ్మటనే రంగును చిత్రమును చూడవలెనని వడ్రంగి నీతి.

షో-బడ్, ఎమ్మన్స్

1955లో పదునెనిమిదేండ్ల వయస్సున నాష్‌విల్ నగరమునకు వచ్చిన బడ్డీ ఎమ్మన్స్, అప్పటికే ప్రసిద్ధుడైన వాదకుడు షాట్ జాక్సన్‌తో కలిసి కొలదికాలమునకే వాద్యనిర్మాణమునకు పూనుకొనెను. ఇద్దఱి పేర్లలోని తొలి మాటల కూర్పే షో-బడ్. మొదట ఇతరుల వాద్యములకు పెడలులు అమర్చిన ఆ కర్మశాల, పిదప స్వంత వాద్యములను చేసెను. మేపుల్ దేహము, తళతళలాడు లాకరు పూత, మెట్ల పలకపై పేకముక్కల గుర్తులైన ఆటీను, ఇస్పేటు, కళావరు, డైమను చిత్రములు గల షో-బడ్ వాద్యములు రంగస్థలమునకు అలంకారములయ్యెను. కఱ్ఱ చిత్రమును జూచియే దూరమునుండి పేరు చెప్పగల స్థితి ఏర్పడెను.

1960 దశకపు తొలి సంవత్సరములందు ఎమ్మన్స్ ఆ సంస్థనుండి వేఱుపడి, రాన్ లాష్లీతో కలిసి తన పేర మరియొక సంస్థను స్థాపించెను. ఉత్తర కెరొలినాలోని బర్లింగ్టన్‌లో నడచిన ఆ సంస్థ వాద్యములందు తీగను బిగించుటకు లాగుడును, వదులుచేయుటకు నెట్టుడును వాడు క్రొత్త యంత్రము కలదు. దేహము మేపుల్‌దే, కాని పెక్కు వాద్యములకు దానిపై నల్లని ఫార్మైకా రేకు అంటింపబడెను. ఈ మార్పు చిన్నదిగా తోచినను చరిత్రలో పెద్దది. రేకు క్రిందనున్న కఱ్ఱకు చిత్రము అక్కరలేదు. పిట్టకన్నుకై అడవులు వెదుకనక్కరలేదు. గట్టిగా, తిన్నగా, ఎండియున్న సాదా మేపుల్ చాలును. అందముకొఱకు అస్థిరమైన కోతను వరించు బాధ తప్పెను. రేకు అంటించుటచే తేమ రాకపోకలును తగ్గెను. ఎన్నిక నిలిచెను, జోడింపు తప్పెను.

అటు పిమ్మట వాదకులలో రెండు పక్షములు ఏర్పడెను. లాకరు పూసిన దేహము పలుకు వెచ్చనిదని ఒక పక్షము. రేకు అంటించిన దేహము పలుకు స్ఫుటమైనదని మరియొక పక్షము. మెడ విషయమునను ఇట్లే. అల్యూమినియపు మెడ మెఱుపువంటి నాదమునిచ్చుననియు, కఱ్ఱ మెడ గుండ్రని నాదమునిచ్చుననియు చెప్పుకొనిరి. 1957లో ఫెండర్ సంస్థ తాళ్ళవంటి ఉక్కు తీగలతో పెడలులను కలిపిన వాద్యమును వెలువరించి మరియొక త్రోవను చూపెను. కాని నాష్‌విల్ రంగస్థలములపై నిలిచినది కడ్డీల యంత్రము, మేపుల్ దేహము.

నాదమునకు కఱ్ఱ కారణమా?

ఈ వాదమును తూచి చూచుట మేలు. వీణలో కుండ కంపించి గాలిని కదలించును. కావున కఱ్ఱయే నాదమునకు ద్వారము. విద్యుద్వాద్యమున పికప్ వినునది తీగ కంపమును మాత్రమే. కఱ్ఱ నాదమును పుట్టింపజాలదు. తీగనుండి నాదమును దొంగిలింపజాలును. దేహము తేలికగా, మెత్తగానున్నచో తీగ శక్తిలో కొంత దానిలోనికి జారిపోవును. కొన్ని స్వరములు త్వరగా చచ్చును. దేహము బరువుగా, బిగువుగానున్నచో శక్తి తీగయందే నిలిచి, స్వరము దీర్ఘముగా మ్రోగును. జారుడు గమకము ప్రాణముగా గల వాద్యమునకు దీర్ఘనాదము ఊపిరి. మేపుల్ గొప్పతనము ఇచ్చట నిజము. పెడలు త్రొక్కినపుడు లొంగకుండుటయందు అది మరింత నిజము.

కాని పిట్టకన్నులు స్వరమును మధురము చేయునను నమ్మకమునకు ఆధారము కనబడదు. ఒకే జాతి, ఒకే బరువు, ఒకే ఆరుదల గల సాదా పలకకు చుక్కల పలకకు నడుమ గల భేదముకంటె, గుఱ్ఱము చేరువనున్న లోహభాగముల బిగింపులోని భేదము చాల పెద్దది. చిత్రము కన్నులకు, సాంద్రత చెవికి. తరువాతి కాలమున మేపుల్ పలుచని పొరలను పెక్కింటిని అడ్డముగా నిలువుగా అంటించిన పలకలతోను, కార్బన్ పోగులతోను దేహములు చేయబడి, మంచి వాదకుల చేత మంచి నాదమునే ఇచ్చినవి. అయినను ఈ మాట జోడింపు విద్యను చిన్నబుచ్చదు. చిత్రము కలియునట్లు ఒకే పలకనుండి కోసిన శిల్పి, తానెరుగకయే బరువును, తేమను, నారను కూడ కలిపినవాడయ్యెను. కంటికై చేసిన పని చెవికిని మేలు చేసినది. అందము మార్గముగా స్థిరత్వము లభించిన ఉదాహరణమిది.

పాత వాద్యములు - మరమ్మతు

ఆ కాలపు వాద్యములు నేడు సేకరణకర్తలకు ప్రియమైనవి. షో-బడ్ కర్మశాల మూతపడినది. బిగ్స్‌బీ 1968లోను, జాక్సన్ 1991లోను, ఎమ్మన్స్ 2015లోను గతించిరి. ఇక వాద్యమును విచారించుటకు వాద్యమే సాక్షి. పై పలక చిత్రము అంచుపలకలోనికి తెగక సాగుచున్నచో ఆ రెండును ఒకే పలక బిడ్డలని, ఒకే నాడు చేరినవని తెలియును. పూతలేని అడుగుభాగము కఱ్ఱ జాతిని, కోతను దాచక చెప్పును. వాడని మరతూట్లు యంత్రము మార్చబడినదని చాటును.

మరమ్మతు చేయువానికి జోడింపు మరియు కష్టము. ఆ నాటి లాకరు పూత ఏండ్లు గడచుకొలది తేనెరంగునకు తిరుగును; వెలుగు పడిన చోట ఎక్కువ, మూత క్రింద తక్కువ. క్రొత్త మేపుల్ పలక ఎంత చక్కనిదైనను పాత పలక ప్రక్కన పాలిపోయినట్లుండును. రంగు కలిపి మోసపుచ్చవచ్చును. కాని పాత కఱ్ఱ ఎన్నో ఋతువుల కదలికను చూచి కుదురుకొన్నది, క్రొత్త కఱ్ఱ ఇంకను కదలవలసియున్నది. తెలిసిన శిల్పి పగిలిన భాగమును తీసివేయక, అతికి నిలుపును. మెఱుపు కొఱకు పాత పూతను గీకివేయుట చరిత్రపుటలను చింపుట వంటిది.

ఈ వాద్యము భారతదేశమున విరివిగా ప్రచారమునకు రాకున్నను, దాని పూర్వరూపమగు హవాయి గిటారు ఇచ్చటి చలనచిత్ర సంగీతమున చిరపరిచితము. హవాయి కళాకారుడు టావ్ మో 1940 దశకమున కలకత్తాలో నివసించి దానిని వ్యాపింపజేసెను. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై హిందూస్థానీ రాగములను పలికించెను. విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ బహుమానమును పొందెను. జారుడు గమకము తెలిసిన దేశమున జారుడు వాద్యము పరాయిదిగా నిలువలేదు.

కోవా పడవనుండి మేపుల్ బల్లవరకు సాగిన ఈ నూటయేబదేండ్ల కథలో నిలిచిన నీతి యొకటి కలదు. లోహము విఫలమైనపుడు కఱ్ఱ గెలువలేదు. కఱ్ఱను ఎరిగినవాడు గెలిచెను. అదే మేపుల్ అజ్ఞుని చేత పగిలినది, విజ్ఞుని చేత అరువదేండ్లు శ్రుతి నిలిపినది. ఆ ఎరుక కొంత వాద్యములయందును, కొంత శిష్యుల చేతులయందును మిగిలినది; వ్రాతకెక్కక పోయినది పోయినట్లే. గొల్లపల్లి పనసను గూర్చి అచ్చటి వృద్ధశిల్పుల కెరుకైనదానికిని ఇదియే గతి పట్టకుండవలెనన్నచో, వడ్రంగి మాటను వినువారును, విన్నదానిని వ్రాయువారును, వ్రాసినదానిని భద్రపఱచు గ్రంథాలయములును కావలెను. చెట్టు ఒకసారి మాత్రమే కొట్టబడును. దానిని గూర్చిన జ్ఞానము మాత్రము నిలుపుకొన్నవారికి ప్రతి తరమునను చిగిర్చును.